పన్నీటి బుడ్డి



తెలుగింట తలంటుపోసుకొనిన నాడు కుంకుడురసముతో పని ముగిసెడిది కాదు. నిప్పులపై సాంబ్రాణి చల్లి, గంప బోర్లించి, దానిమీద తడికురులు పరచి ఆరబెట్టుకొనెడివారు. గ్రేటర్ నోయిడాలో పదవ అంతస్తున కాపురమున్న ఇల్లాలికి అది సాధ్యపడుట అరుదు. శీతకాలమున వెలుపల మురికిగాలి. కిటికీలు మూసిన గదిలో మరల పొగయా? పసిపిల్లలు, ఉబ్బసపు రోగులు ఉన్న ఇంట అది తగదు. అందుచేత యువతులు కురులపై చల్లుకొను సుగంధజలపు సీసాలు కొనుచున్నారు. వానిలో పెక్కింట ఆల్కహాలు ఉండును; తరచు వాడినచో కురులు పొడిబారును.

ఈ జలము మనకు క్రొత్తది కాదు. పెండ్లిపందిటిలో అతిథులపై పన్నీరు చిలికెడి బుడ్డి అందరెరిగినదే. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమునే కేటాయించి, 16 ద్రవ్యములనుండి 1,74,720 పరిమళములు కల్పింపవచ్చునని లెక్కకట్టెను. నాలుగేసి చొప్పున ఎన్నుకొనిన 1,820 కూటములు. ఒక్కొక్కదానికి 96 భేదములు. సభలోని లెక్కల శాఖవారు గుణించి సరిచూచుకొనవచ్చును!

పూలసారము తీయు విద్యకు పేరుగాంచిన కన్నౌజు మనకు దూరదేశము కాదు. 2012లో తెరచిన యమునా ఎక్స్‌ప్రెస్ మార్గమున ఆగ్రా చేరి, లక్నో మార్గము పట్టినచో దారిలోనే తగులును. అచ్చటివారు రాగిపాత్రలో పూలను నీటితో మరిగించి, ఆవిరిని వెదురుగొట్టముగుండా చన్నీటి తొట్టిలోనున్న మరియొక పాత్రలోనికి పంపుదురు.

ఆ సూత్రమే వంటింటను పనిచేయును. లోతైన గిన్నె నడుమ చిన్న ముక్కాలిపీట, దానిపై స్టీలుగిన్నె ఉంచవలెను. చుట్టును గులాబిరేకులు, అవి మునుగునంత నీరు. మూతను బొడిపె లోపలికి ఉండునట్లు తిరగవేసి, పైన మంచుముక్కలు పేర్చవలెను. సన్నని సెగపై ఆవిరి మూతకు తగిలి చల్లబడి, బొట్టుబొట్టుగా నడిమిగిన్నెలో రాలును. అరగంట చాలును. ఆశపడి నీరు ఇంకువరకు కాచినచో అడుగంటిన కమురువాసన పన్నీటికిని పట్టును. బజారు పూలపై పురుగుమందు ఉండవచ్చును గనుక, కుండీలో పూచిన దేశవాళీ గులాబియే మేలు.

మల్లెల మాట ఏమని తెలుగువారు అడుగక మానరు. మల్లె సున్నితమైనది, ఇంటి గిన్నెలో మరిగించిన ఉడుకువాసనయే మిగులును. విచ్చబోవు మొగ్గలను సాయంకాలము కాచి చల్లార్చిన నీటిలో వేసి మూతపెట్టి, తెల్లవారి వడకట్టుకొనుడు. వట్టివేళ్ళు మరింత సులభము: పిడికెడు వేళ్ళు కడిగి రాత్రి నానవేసిన చాలును. ఇట్లు నానవేసినవి రెండు మూడు దినములకు మించి నిలువవు. గులాబినీరు ఫ్రిజ్‌లో వారమాగును. తేటదనము చెడినచో పారబోయుటయే మేలు.

పరిమళము చాలలేదని కొందరు అంగడి సుగంధతైలము బొట్లుగా కలుపుదురు. ఇది ప్రమాదము. తైలము నీట కలియక పైకి తేలును. ఒక్కొక్క చిలకరింపులో చిక్కని తైలమే మాడుపై పడి మంట పుట్టించును. పిల్లల కన్నులలో పడినచో చెప్పనక్కరలేదు. ఏ జలమైనను మొదట మోచేతి మడతపై రాచి, ఒక దినము చూచి, పిమ్మట కురుల కొనలకు చల్లవలెను. దీనివలన జుట్టు రాలుట ఆగునని మాత్రము ఆశింపరాదు.

పెద్దగిన్నెలో మిగిలిన ఎఱ్ఱనీటిని పారబోయకుడు. చల్లార్చి అదే దినమున తలస్నానపు చివరి చెంబుగా పోసికొనవచ్చును. రేకులు తిరిగి గులాబికుండీకే ఎరువు.