బిల్లుల పట్టికయు శాసనకర్త చరిత్రయు

(ఒక పఠనమందిర వార్షికసభలో జేసిన యుపన్యాసపాఠము)



శాసనసభ్యుని పనితనమును దేనితో గొలువవలెను? ఇది మీరు మాకొసగిన విషయము. ఈ దినములలో దీనికొక సులభమైన సమాధానము వాడుకలో నున్నది. ఫలానా సభ్యుడిన్ని బిల్లులు ప్రవేశపెట్టెను, ఇన్నింటికి సహప్రతిపాదకుడుగా జేరెను అని యంకెలు గూర్చి చూపుదురు. అమెరికాలో నీ లెక్క ప్రతి సభ్యునికిని సిద్ధముగా నుండును. అక్కడి కాంగ్రెసులో (మన కాంగ్రెసు గాదు, వారి జాతీయ శాసనసభకు అదియే పేరు) ప్రతినిధి సభయందు కార్యదర్శి బల్లకడ నొక పెట్టె గలదు. సభ్యుడు సంతకము జేసి కాగితమును దానియందు వేసినచో బిల్లు ప్రవేశపెట్టబడినట్లే. ఇట్లు రెండేండ్లకాలములో రెండు సభలయందును బదివేలకు పైగా బిల్లులు చేరును. శాసనములగునవి కొన్ని వందలు మాత్రమే. తక్కినవి రెండేండ్లు నిండగానే నశించును. మన పార్లమెంటులో మంత్రులు గాని సభ్యులు తెచ్చిన బిల్లులలో 1952 నుండి శాసనములైనవి పదునాలుగు. 1970 తరువాత నొక్కటియు లేదు. దావా దాఖలు చేసినంతనే డిక్రీ చేతికి వచ్చునా? సహప్రతిపాదకుల సంగతి వేరుగ జెప్ప నక్కరలేదు. వకాలతునామాపై నలుగురి పేర్లుండవచ్చును. కోర్టులో నిలిచి వాదించువాడొకడే.

కావున నంకెలను ప్రక్కకు బెట్టి యొక్క మనుష్యుని చరిత్రను బరిశీలింతము. ఆతని పేరు ఇమాన్యుయెల్ సెల్లర్. ఈ పేరు విన్న తెలుగువారు మిక్కిలి యరుదు. అయినను నేడు అమెరికాలో నిల్లు గట్టుకొనిన తెలుగు కుటుంబములలో ననేకములు ఆతడు తెరచిన వాకిటిగుండ బోయినవే.

సెల్లర్ న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ భాగమున 1888 లో జన్మించిన యూదుడు, వృత్తిచే న్యాయవాది. 1923 మార్చిలో ప్రతినిధి సభ బ్రవేశించి 1973 జనవరి వరకు, ఏబది యేండ్లకు రెండు నెలలు తక్కువగా, ఆ సభయందే యుండెను. ఆతడు ప్రవేశించుటకు సుమారు రెండు వారములు పూర్వమే, 1923 ఫిబ్రవరిలో, అమెరికా సుప్రీముకోర్టు భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యెమున దీర్పు చెప్పెను. థిండ్ పంజాబు సిక్కు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యములో జేరినవాడు. అయినను భారతీయులు తెల్లవారు గారు గనుక పౌరసత్వమున కర్హులు గారని ధర్మాసనము నిర్ణయించెను. మరుసటి యేడు, 1924 లో, ఏ దేశమునుండి యెందరు రావలెనో జాతినిబట్టి నిర్ణయించు శాసనము వచ్చెను. పౌరసత్వార్హత లేనివారికి బ్రవేశమే లేదు. 1917 లోనే మనవారికి మూయబడిన తలుపునకు ఇది రెండవ గడియ. క్రొత్త సభ్యుడగు సెల్లర్ చేసిన మొదటి ముఖ్యోపన్యాసము ఆ బిల్లునకు వ్యతిరేకముగనే. ఆతడోడిపోయెను. ఈ యోటమికి బిల్లుల పట్టికలో జోటు లేదని మీరు గమనింపవలెను.

ఇరువది యేండ్లు గడచెను. 1943 లో, యుద్ధమిత్రులను కారణమున, చీనావారికి నిషేధము తొలగెను. ఆ వెనుక భారతీయులకొరకు సెల్లర్ ఒక బిల్లును, ప్రతిపక్షమునకు జెందిన క్లేర్ బూత్ లూస్ అను వనిత యొక బిల్లును వేర్వేరుగ దెచ్చిరి. ఏల వేర్వేరుగ? ఆ సభలో 1967 వరకు ఒక బిల్లుపై నిద్దరు పేర్లు వ్రాయుటకు నియమము లేదు. ఆ కాలపు సభ్యుని కాగితములలో సహప్రతిపాదనల సంఖ్యను వెదకువాడు ఎండిన చెరువులో వల వేసినట్లే. బయట జె. జె. సింగ్ మొదలగు మనవారు తలుపు తలుపు దట్టిరి. 1946 జూలై 2 వ తేదీన ట్రూమన్ అధ్యక్షుడు సంతకము జేసెను. లభించినదేమి? సుమారు నలుబదికోట్ల జనుల దేశమునకు సాలునకు నూరు మంది! దీనిని భిక్షయని పరిహసించువారు గలరు, మేము పరిహసింపము. నూటి సంఖ్యకంటె పౌరసత్వపు హక్కు ముఖ్యము. 1920 లో అమెరికా చేరిన దలీప్ సింగ్ సౌంద్, ఈ శాసనము వలన 1949 లో బౌరుడై, 1956 లో ఆ ప్రతినిధి సభకే యెన్నుకొనబడెను.

1965 అక్టోబరు 3 న, సెల్లర్ ప్రతినిధి సభలోను ఫిలిప్ హార్ట్ సెనేటులోను నడపిన శాసనముచే 1924 నాటి జాతిలెక్క రద్దయ్యెను. నలువదియొక్క యేండ్ల పిమ్మట నా యోటమికి బదులు దీరెను. గుంటూరు, విశాఖపట్టణముల నుండి వైద్యులు, ఇంజనీరులు పోయినది దాని తరువాతనే. చిత్రమేమనగా, ఆసియావారు పెద్దసంఖ్యలో రారని చర్చలో సెల్లరే సభకు ధైర్యము చెప్పెను. విత్తినవాడు పంటను సరిగ నంచనా వేయలేకపోయెను.

1950 లో గుత్తవ్యాపారముల నరికట్టు శాసనమును గూర్చి చెప్పుటకు కాలము చాలదు. నీగ్రో ప్రజల పౌరహక్కుల శాసనమును మాత్రము విడువరాదు. 1949 నుండి, నడుమ రెండేండ్లు తప్ప, సెల్లర్ న్యాయవిషయిక సంఘమున కధ్యక్షుడు. 1963 లో ఆ బిల్లును దెచ్చినవాడాతడే. నియమసంఘాధ్యక్షుడగు వర్జీనియా వాసి హోవర్డు స్మిత్ దానిని తన బల్లక్రింద నదిమిపెట్టెను. సభలో సగముకంటె నెక్కువమంది సంతకములు జేసినచో బిల్లును సంఘము చేతినుండి లాగుకొను పద్ధతి యొకటి గలదు. సెల్లర్ ఆ సంతకముల సేకరణకు బూనుకొనెను, స్మిత్ లొంగెను. ప్రతిపక్షమువాడగు మెకలక్ సాయముతో 1964 ఫిబ్రవరిలో 290 ఓట్లకు 130 గా సభ యంగీకరించెను. అధ్యక్షుని సంతకము పడినది జూలై 2 న, మన 1946 నాటి తేదీనే. ఉద్యోగముల విషయమున స్త్రీలకును భేదము చూపరాదని యా శాసనమున నున్నది. ఆ మాటను జేర్పించినవాడు స్మిత్; చేర్పవలదని వాదించినవాడు సెల్లర్!

స్త్రీపురుష సమానహక్కుల రాజ్యాంగ సవరణను సెల్లర్ తన సంఘములో ఇరువది యేండ్లకు పైగా విచారణకే రానీయలేదు. కార్మిక స్త్రీల రక్షణ చట్టములు చెడునని యాతని వాదము. అందు కొంత నిజముండెను. కాని విచారణయే లేకుండ దావాను బీరువాలో బెట్టు న్యాయాధిపతిని మనమేమందుము? 1970 లో మార్తా గ్రిఫిత్స్ అను సభ్యురాలు, సెల్లర్ స్మిత్ పై నెత్తిన యా సంతకముల యాయుధమునే సెల్లర్ పై నెత్తి, సవరణను సభకు లాగుకొని వచ్చెను. 1972 జూన్ లో, ఎనుబది నాలుగేండ్ల వయసున, సొంతపక్షపు ప్రాథమిక ఎన్నికలో, ముప్పదియేండ్ల న్యాయవాదిని ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్ చేతిలో సుమారు 600 ఓట్లతో నాతడోడెను. బీరువాలో నుంచిన యా సవరణనే యామె యోటర్ల యెదుట నుంచెను. పిదప నామె యాతని న్యాయవిషయిక సంఘములోనే సభ్యురాలై 1974 లో నిక్సన్ అధ్యక్షునిపై జరిగిన విచారణలో గూర్చుండెను.