సైకిలు మీద సముద్ర తీరం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సొసైటీ పనులకూ సైకిలు యాత్రకూ ఏమిటి సంబంధమని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపికగా వినమని మనవి.

మేము నలుగురం శీతాకాలంలో మచిలీపట్నం నుంచి మోటుపల్లి దాకా సైకిళ్ళ మీద వెళ్ళాము. 216వ నంబరు జాతీయ రహదారి మీద కారులో అయితే ఒక పూట ప్రయాణం. మాకు ఏడు రోజులు పట్టింది. మా దగ్గరున్నవి గేర్లు లేని మామూలు సైకిళ్ళు, రెండు గుడారాలు, ఒక చిన్న స్టవ్వు, పంక్చరు సామాను, మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు. ఫజర్ నమాజు చేసుకుని బయలుదేరి, ఎండ ముదరక ముందే ఆగేవాళ్ళం. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే తొక్కడం కష్టం. గుడారం వేసే ముందు ఊరివారినో, జాలరులనో తప్పకుండా అడిగేవాళ్ళం. పోటు ఎంతవరకు వస్తుందో, సర్వీ తోటల్లో గాలిచాటు ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకే తెలుసు.

దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను పెద్దవాళ్ళు ఇంకా మరచిపోలేదు. పది వేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన అది. గుడారం ముందు కూర్చుని వాళ్ళు చెబుతుంటే వినడానికి మాకు తీరిక ఉంది. అవనిగడ్డ దాటాక పులిగడ్డ, పెనుమూడి మధ్య వంతెన మీదుగా కృష్ణను దాటి, రేపల్లె మీదుగా బాపట్ల చేరాము.

బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుక నేలల్లో 'దొరువులు' ఉంటాయి. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుకే రైతులు లోతుకు పోకుండా ఇసుకలో గుంట తవ్వి, పైన ఊరిన నీటినే తోడుకుని పైర్లు పండించుకున్నారు. లోతుగా బోరు దించినా, పంపుతో అతిగా తోడినా అడుగునున్న ఉప్పు పైకి వస్తుంది.

దారిలో ఒక పల్లెలో ఎవరో దాతలు వేయించిన లోతు బోరు చూశాము. పంపు బాగుంది, ధార బాగుంది, పేర్లు చెక్కిన రాయీ బాగుంది. నీళ్ళు మాత్రం ఉప్పు. ఆడవాళ్ళు వాటితో అంట్లు తోముకుని, తాగడానికి డబ్బా నీళ్ళు కొనుక్కుంటున్నారు. కారులో వెళ్ళేవారికి ఆ పంపు, ఆ రాయి కనిపిస్తాయి. సైకిలు తొక్కేవాడికి దాహం వేస్తుంది కనుక తాగి చూస్తాడు.

మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుని అభయ శాసనం ఉంది, 1244 నాటిది. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందు రాజులు లాక్కునేవారు. ఇకమీదట అలా జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. ఓడ వర్తకుల భయం ఎక్కడుందో తెలుసుకుని ఇచ్చిన అభయం అది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి కూడా ఒకరని మీకు తెలిసిందే. ఎవరికి ఏది అవసరమో తెలుసుకోవడం దానంలో మొదటి పని.

కాబట్టి మా విన్నపం ఇది. తీరంలో నీటి పని ఏది తలపెట్టినా, ముందుగా మన యువకులు ఇద్దరు ముగ్గురు సైకిళ్ళ మీద వెళ్ళి, ఆ ఊళ్ళో రెండు రాత్రులు ఉండిరావాలి. వేసవి చివర కూడా ఒకసారి వెళ్ళి నీళ్ళు తాగి చూడాలి, పరీక్ష చేయించాలి. నీళ్ళు మోసే ఆడవాళ్ళను అడగాలి. అక్కడ లోతు తక్కువ బావి పనికొస్తుందా, ఇంటి కప్పు మీది వాన నీటిని పట్టే తొట్టి పనికొస్తుందా అన్నది ఆ తర్వాతే తేల్చాలి. ఖర్చు నాలుగు పంక్చర్లకు మించదు.

మీరిచ్చే ప్రతి రూపాయి మా చేతిలో అమానత్. అది మంచినీళ్ళుగా మారి ఆ పల్లెల కడవల్లోకి చేరాలని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.