బేరం మరలించుకున్నవారి పట్ల విశ్వాసి వైఖరి

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

గౌరవనీయ సోదరులారా! ముందుగా నాకూ మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ఉపదేశించుకుంటున్నాను. భయభక్తులకు పరీక్ష మస్జిదులోనే కాదు, త్రాసు ముందూ ఉంటుంది, చేతిలోని ఫోను ముందూ ఉంటుంది.

వేలంపాట ఇస్లాంకు కొత్తది కాదు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. యాచించవచ్చిన ఒక బీద అన్సారీ ఇంటి నుండి ఒక దుప్పటిని, ఒక పాత్రను తెప్పించి దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు. ఇంకా ఎక్కువ ఇచ్చేవారెవరని అడుగగా, మరొకరు రెండు దిర్హములిచ్చి వాటిని తీసుకున్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటివారికి ఆహారం, రెండవదానితో కట్టెలు కొట్టుకొని బ్రతికేందుకు గొడ్డలి సమకూరాయి. ఆ రెండవ వ్యక్తి మాట తప్పి ఉంటే ఆ ఇంట పొయ్యి వెలిగేదా? ప్రతి పాట వెనుకా ఒక ఇల్లు ఉంటుందని మరువకండి.

నేడు అదే వేలం కంప్యూటరులోకి వచ్చింది. 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో ఈ-నామ్ ఆరంభమైనప్పుడు, పసుపుకు పేరుపొందిన నిజామాబాద్ యార్డు వాటిలో ఒకటి. వ్యాపారి ఆన్‌లైన్‌లో ధర వేస్తాడు. దానికి ఒప్పుకోవడమా, నిరాకరించడమా అన్నది రైతు ఇష్టం. మన సిరిసిల్ల బట్టను కూడా వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్మవచ్చు. అయితే ధర కుదిరిన తరువాత కొనేవాడు “వద్దు” అంటే ఏం చేయాలి?

ఇందులో మూడు స్థితులను వేరుగా చూడాలి.

మొదటిది: అమ్మేవాడు ఒప్పుకోకముందే కొనేవాడు తన మాటను వెనక్కి తీసుకోవడం. అప్పటికి ఈజాబ్ మాత్రమే ఉంది, ఖబూల్ లేదు. కనుక బేరం పూర్తి కాలేదు. అతన్ని నిర్బంధించే హక్కు మనకు లేదు. కాని కొనే ఉద్దేశమే లేకుండా ధర పెంచడం ‘నజష్’. దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. తన సరుకుకు తన మనుషుల చేతనే పాట పాడించేవాడు కూడా ఈ పాపంలో భాగస్వామియే.

రెండవది: చూడకుండా కొన్న వస్తువు చేతికి వచ్చాక నచ్చకపోవడం, లేదా అందులో లోపం కనబడటం. హనఫీ ఫిఖ్‌హ్‌లో మొదటిదానికి ‘ఖియారె రూయత్’, రెండవదానికి ‘ఖియారె ఐబ్’ అనే హక్కులున్నాయి. ఇక్కడ వస్తువును తిరిగి తీసుకోవడం మన ఉపకారం కాదు, అతని హక్కు. రంగు మెరుగుపరచిన ఫొటో పెట్టి, “ఒకసారి అమ్మితే వాపసు లేదు” అని వ్రాసి తప్పించుకోజూడటం విశ్వాసికి తగదు.

మూడవది: బేరం పూర్తయింది, సరుకులో లోపమూ లేదు, కొనేవాడి మనసు మారింది. ఇక్కడ న్యాయం అమ్మేవాడి పక్షాన ఉంది. ఒప్పందాలను నెరవేర్చమని సూరా మాయిదా మొదటి ఆయతులోనే అల్లాహ్ ఆజ్ఞాపించాడు. పాట గెలిచి సరుకు ఎత్తకపోతే రైతు మరో రాత్రి యార్డులో కాపలా కాయాలి. అతని బాడుగ పెరుగుతుంది, మరునాడు ధర తగ్గవచ్చు. కొనే సోదరులారా, ఈ నష్టానికి అల్లాహ్ ముందు జవాబు చెప్పవలసింది మీరే.

కాని న్యాయానికి పైన ఒక మెట్టు ఉంది. దాని పేరు ‘ఇఖాలా’. పశ్చాత్తాపపడిన ముస్లిం బేరాన్ని ఎవరు రద్దు చేసి విడిచిపెడతారో, వారి తప్పిదాన్ని ప్రళయదినాన అల్లాహ్ మన్నిస్తాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ దినాన మన చిట్టాలో మన్నించవలసినవి ఎన్ని ఉంటాయో తలచుకుంటే, ఒక చీరనో, ఒక బస్తానో తిరిగి తీసుకోవడం భారమనిపిస్తుందా? ఇఖాలాలో మొదటి ధరనే తిరిగి ఇవ్వాలి. బేరం రద్దయితే బయానా సొమ్మును మింగడం హనఫీ ఉలమాల దృష్టిలో ధర్మసమ్మతం కాదు. అతని వద్ద డబ్బు సమకూరకపోవడమే కారణమైతే, గడువు ఇవ్వడమూ పుణ్యమే.

అలాగని అమాయకంగా ఉండమని కాదు. సరుకు లోపాలను ముందే చెప్పండి. పార్సిల్ ఖర్చు ఎవరిదో, ఎన్నాళ్లలో సొమ్ము చెల్లించాలో ముందే వ్రాసుకోండి. పదేపదే మాట తప్పేవానితో మరల బేరం చేయకుండా ఉండే స్వేచ్ఛ మీకుంది. కాని కోపంతో అతని పేరు, ఫోను నంబరు గ్రూపుల్లో పెట్టి తిట్టకండి. సొమ్ము పోతే మరల వస్తుంది. గీబత్‌తో పోయిన సత్కార్యాలు ఎక్కడ దొరుకుతాయి?

మరొక మాట. ఎక్కువ ధర ఇచ్చేవాడు రాగానే కుదిరిన బేరాన్ని విరిచే అమ్మకందారు కూడా మాట తప్పినవాడే. మనకు ఒక తూనిక, ఇతరులకు మరొక తూనిక ఉండరాదు.

ఓ అల్లాహ్! మా సంపాదనలో హలాల్‌ను, బర్కత్‌ను ప్రసాదించు. మా మాటకు నిలకడను, మా హృదయాలకు విశాలతను అనుగ్రహించు. మేము నీ దాసులను విడిచిపెట్టినట్లే నీవూ మమ్మల్ని మన్నించు. ఆమీన్.