స్తోత్రం కాని పాట



సంగీతంలో దైవాన్ని గురించి ప్రసంగించవలసి వస్తే త్యాగరాజస్వామితో ఆరంభించడం మన వాడుక. నేనీనాడు క్షేత్రయ్య పదాలను గురించి మనవి చేస్తాను. వీటిలో స్తోత్రం లేదు. అలుక ఉంది, అసూయ ఉంది, మాట తప్పిన ప్రియుణ్ణి గుమ్మంలోనే నిలదీసే స్త్రీ ఉంది. సొమ్ము లెక్క అడిగే వేశ్య కూడా ఉంది. మువ్వగోపాలుడన్న ముద్ర ఉన్నంత మాత్రాన అవి భజనకీర్తనలు కాలేదు.

17వ శతాబ్దిలో తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువు చూచిన ఆ పదాలు మన చెన్నపట్నంలో బ్రతికాయి. జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంట శుక్రవారం సాయంకాలాలలో పెద్ద విద్వాంసులు సైతం నిశ్శబ్దంగా కూర్చుని వినేవారు. ఆమె ఇంటి భాష తమిళం, పాడిన పదం తెలుగు. మనుమరాండ్రు బృంద, ముక్త, బాలసరస్వతిగార్లకు ఆ ఆస్తి సంక్రమించింది. దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ 1947లో చట్టం వచ్చింది. ఆ ఆచారం పోవలసినదే. కాని దానితోపాటు ఆ పాటలకు కూడా అపకీర్తి అంటుకున్నది. 1975లో తమిళ ఇసై సంగం సభలో బాలసరస్వతిగారు అధ్యక్షోపన్యాసం చేస్తూ, జీవుడు దైవంతో కలయికను తెలుపడానికి శృంగారాన్ని మించిన రసం లేదని వాదించారు.

నేను తెలుగు పాఠం చెప్పిన రోజులలో ఈ పదాలను దాటవేసేవాణ్ణి. ఎవరైనా అడిగితే "నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ" అని తెర దించేవాణ్ణి. పదవీ విరమణ తరువాత, సంగీతం నేర్చుకుంటున్న ఒక తమిళ బాలిక ఒక పదానికి అర్థం చెప్పమని వచ్చింది. అదే జవాబు చెప్పాను.

"అది సరే సార్. ముందు ఈమెకు వచ్చింది కోపమా, దుఃఖమా? తెలియకపోతే నేనెలా పాడేది?"

సిగ్గుపడి మళ్ళీ చదివాను. పదం నడక విళంబం. ఒక్కొక్క మాట తాళంలో ఎంతో దూరం సాగుతుంది. అంత నెమ్మదిగా పలికితే నిందలోని విషం నిలువదు, మనిషి మీద మమకారమే మిగులుతుంది. అనుగ్రహమనేది ఏదైనా ఉంటే అది అక్కడ ఉన్నదని నాకు తోచింది. వ్యాఖ్యానంలో నాకది దొరకలేదు.

"కోపమేనమ్మా" అన్నాను.

ఆ బాలిక కన్నులు మూసుకొని అనుపల్లవి ఎత్తుకున్నది.