మా కాలనీవారి మాయాబజారు



కిందటి నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఉప్పల్‌లోని మా కాలనీ నుంచి 16 మంది ఆడవాళ్ళం నాలుగు ఆటోలు మాట్లాడుకుని నాచారం వైపు ఒక ఫంక్షన్ హాలుకు నాటకం చూడడానికి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు అందరం ఒక్కమాట మీదే వున్నాం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఏ ఆటోలో ఎవరెక్కాలన్న దగ్గరే తేడా వచ్చేసింది. రెండు ఆటోలవాళ్ళు ఇల్లు చేరేదాకా పాడుకుంటూ వచ్చారు. మిగతా రెండింటివాళ్ళు టిక్కెట్టుకు పోసిన 200 రూపాయల గురించే మాట్లాడుకున్నారు. నేను యీ రెండో రకం ఆటోలో వున్నాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

నాటకం మాయాబజారు. 1957లో విజయావారు తీసిన సినిమా వుంది చూడండి, దాన్ని ఆధారం చేసుకుని కొత్తగా కట్టిన సంగీత నాటకం. ఆ సమాజం పేరు చెప్పను. వాళ్ళ తప్పొప్పులు లెక్కపెట్టేటంత చదువు నాకు లేదు, పదో తరగతితో ఆపినదాన్ని. నేను చెప్పబోయేది వేదిక మీద జరిగినదాని కన్నా కింద కుర్చీల్లో జరిగినదాన్ని గురించి.

నాచారంలో మాయాబజారు అంటే అదో సరదా. ఆ సినిమాలో కృష్ణుడు వేసిన రామారావుగారు తర్వాత రోజుల్లో తమ రామకృష్ణా స్టూడియో కట్టించుకున్నది యీ నాచారంలోనే కదా. ఆటోలో వెళుతూ, "కృష్ణుడిగారి పేటకే పోతున్నాం" అని నవ్వుకున్నాం. పైగా హాలు బయట కట్టిన బ్యానరు మీద నాటకంవాళ్ళ బొమ్మలు కాదు, ఆ పాత సినిమా బొమ్మలే అచ్చువేశారు. సావిత్రి, నాగేశ్వరరావు, రంగారావు. ఆ బ్యానరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

తెర లేచింది. శశిరేఖ వేసిన పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయేమో. హార్మోనియం, తబలా, వయొలిన్ పక్కనే కూర్చుని వాయిస్తున్నారు. పడవ పాట వచ్చింది. పడవ లేదు. ఇద్దరు చెలికత్తెలు చెరోవైపు నీలంగుడ్డ పట్టుకుని ఊపుతుంటే, అదే యేరు అనుకోవాలి మనం. అంతవరకు బాగానే వుంది. కాని ఆ పిల్ల నోరు విప్పేసరికి మాట మనదే, వరస మనది కాదు! పాటను వేరే రాగంలో కట్టారు. నా పక్కవరసలో మూడో నంబరింటి పిన్నిగారు అప్పటికే పెదవులు కదుపుతూ పాడుకోవడానికి సిద్ధంగా వున్నారేమో, రెండు మాటలు పాడి, వరస అందక ఆగిపోయారు. ఆవిడ మొహం చూడాలి అప్పుడు. రద్దీ బస్సులో మనం కూర్చోబోయిన సీటులో ఇంకొకరు కూర్చున్నట్టు.

అక్కడి నుంచి మొదలు. ఘటోత్కచుడు బక్కగా వున్నాడు. లడ్డూలు దారాల మీద వెళ్ళి అతని నోట్లో పడాలి, ఒక లడ్డూ సగంలో ఆగిపోయి గాలిలో వూగుతూ నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, పెద్దలు నిట్టూర్చారు. మధ్యమధ్య పద్యాలు కలిపారు. రేవతి, సుభద్ర మాట్లాడుకునే ఘట్టాన్ని పెంచారు. పింగళివారి మాటలు చాలా తగ్గించారు. ఇది మాత్రం నాకిప్పటికీ కష్టంగానే వుంది. ఆ మాటలు తీసేస్తే మాయాబజారులో పప్పుంటుంది గాని పోపుండదు.

వచ్చేటప్పుడు ఆటోలో నేనన్నాను, గట్టిగానే అన్నాను: "సావిత్రి ఎక్కడ, ఈ పిల్ల ఎక్కడ! నక్కకీ నాకలోకానికీ వున్నంత." ఆటోలో ముగ్గురు నవ్వారు. నాలుగో ఆవిడ నవ్వలేదు. నేనప్పుడు పట్టించుకోలేదు.

మర్నాటి నుంచి మా కాలనీలో అస్మదీయులు, తస్మదీయులు అని రెండు పార్టీలు. ఈ రెండు మాటలూ ఆ సినిమా ఇచ్చినవే, అందుకని వాడుకుంటున్నాను. కూరలబండి దగ్గర, మేడ మీద బట్టలారేసే దగ్గర, అన్నిచోట్లా ఇదే వాదన. "సెల్‌ఫోనులో నొక్కితే అసలు సినిమా ఊరికే వస్తుంది, దీనికి డబ్బు దండగ" అని ఒకరు. "ఎన్నిసార్లు చూసినా అదే సినిమా, అదే నవ్వు. ఆ పిల్ల మన ఎదట నిలబడి గొంతెత్తి పాడింది, మస్తు పాడింది" అని ఎదురింటి టీచరమ్మ. మూడో నంబరు పిన్నిగారైతే, "వరస మార్చడమేమిటే, ఇంట్లో దేవుడి పటం మార్చినట్టు" అన్నారు.

ఇందులో మా అత్తగారి గొడవ వేరు. ఆవిడది కడప వైపు. ఆవిడ రెండు పార్టీలనూ కొట్టిపారేశారు. "మీరేందమ్మాయ్, సినిమాయే అసలుదనుకుంటా వున్నారు. మేం చిన్నపిల్లలుగా వున్నప్పుడు డేరా నాటకంలోనే చూసినాం శశిరేఖను. ఆ తర్వాత సినిమా వస్తే మా నాయన చూసొచ్చి, పద్యాలన్నీ మింగేసినారు అని తిట్టినాడు" అన్నారు. చూశారా! 1957లో మా అత్తగారి నాన్నగారు సినిమా మీద పెట్టిన ఫిర్యాదూ, నేను నాటకం మీద పెట్టిన ఫిర్యాదూ ఒకటే. అసలుది పాడుచేశారని.

ఆవిడ చెప్పింది నిజం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధతో మొదలుపెట్టిన సురభి నాటకాలు వూరూరా డేరాలు వేసుకుని తిరిగాయి. మాయాబజారు వాళ్ళకు పెట్టని కోట. మేఘాల్లోంచి నారదుడు దిగడం, బాణాలు గాలిలో ఢీకొనడం, ఇవన్నీ తాళ్ళతో, చక్రాలతో వాళ్ళు చేసి చూపించేవారు. ఇంకొక మాట ఆడవాళ్ళం మనం గుర్తుంచుకోవలసింది. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు, మగవారై వుండీ, సత్యభామ వేసి మెప్పించిన కాలంలో సురభి కుటుంబాల్లో ఆడవేషం ఆడవాళ్ళే వేశారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి వేసిన కమలాబాయిగారు ఆ సురభివారి ఆడపడుచే. ఆ సినిమాకు ఆధారం కూడా వాళ్ళాడిన నాటకమే. అంటే మన సినిమా నాటకం ఇంట్లో పుట్టిన పిల్ల. పెద్దదై, డబ్బు గడించి, ఇప్పుడు పుట్టింటివాళ్ళు వస్తే నువ్వెవరని అడుగుతోంది.

అసలు శశిరేఖే వ్యాసుల వారి భారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. ఈ బలరాముడి కూతురు, ఈ మాయపెళ్ళి, అంతా జనం అల్లుకున్న కథ. 1936లోనే ఇది ఒకసారి తెలుగు సినిమాగా వచ్చింది. 1957లో కె.వి.రెడ్డిగారు తీసినప్పుడు ఆయనా తనకు కావలసినట్టు మార్చుకున్నారు. పాండవుల బంధువుల కథ అంతా నడిపి పాండవులను ఒక్కసారీ తెరమీదికి తీసుకురాలేదు. మీరెప్పుడైనా గమనించారా? నేను ఎన్నోసార్లు చూసి కూడా గమనించలేదు, మా అబ్బాయి చెబితే తెలిసింది. అంతెందుకు, పిన్నిగారు దేవుడి పటమన్న ఆ పడవ పాట వరస కూడా ఒక చేతిలో తయారైంది కాదు. సాలూరి రాజేశ్వరరావుగారు కట్టిన వరసకు ఘంటసాలగారు వాద్యాలు కూర్చారు.

ఇలాంటి తగవు మన కాలనీకే పరిమితం అనుకోకండి. హిందీలో 1995లో దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే వచ్చింది కదా, దాన్ని ఆ సినిమా తీసిన ఆదిత్య చోప్రాగారే 2022లో అమెరికాలో శాన్‌డియేగోలో ఇంగ్లీషు సంగీత నాటకంగా వేయించారు. అందులో మన రాజ్ కాస్తా అమెరికా కుర్రాడు రోజర్ అయిపోయాడు. షారుఖ్ ఖాన్ వేసిన వేషం తెల్లవాడికిస్తారా అని జనం మండిపడ్డారు. కథ ఇప్పుడు రెండు దేశాల మధ్య ప్రేమ అని కొందరు మెచ్చుకున్నారు. 2025లో ఇంగ్లండులో మాంచెస్టరులో మళ్ళీ వేశారు, అక్కడా రోజరే. దానికి భిన్నంగా లయన్ కింగ్ అనే బొమ్మల సినిమా 1994లో వస్తే, 1997లో న్యూయార్కు నాటకశాలలో దాన్ని వేసినామె జూలీ టేమర్, సింహం వేషగాడి తలమీద సింహం ముసుగు పెట్టి, కింద మనిషి మొహం కనబడేటట్టే వుంచింది. దాచలేదు. ఇది మనిషే, సింహమని మీరు అనుకోండి అన్నట్టు. నీలంగుడ్డ యేరు లాంటిదే గదా అది! జనం అనుకున్నారు. ఆ నాటకం పాతికేళ్ళు దాటినా ఆడుతూనే వుంది.

ఇదంతా నాకు తర్వాత తట్టిన తెలివి. మొదట తట్టేలా చేసింది వేరొకరు.

ఆటోలో నవ్వని నాలుగో ఆవిడ అన్నాను కదా. ఆవిడ మా వీధిలోనే వుంటుంది. వాళ్ళాయనకు రెండో పెళ్ళి. మొదటి భార్య జబ్బు చేసి పోయింది. పోయినావిడ నాకు స్నేహితురాలు. మంచి మనిషి, ముగ్గు వేస్తే వీధంతా నిలబడి చూసేది. ఈవిడ వచ్చి ఎనిమిదేళ్ళయింది.

నాటకం చూసొచ్చిన మూడోరోజు పెరుగు తోడుకని మా ఇంటికి వచ్చింది. గిన్నె చేతికిచ్చాను. వెళ్ళకుండా గుమ్మం దగ్గర నిలబడి అంది: "అక్కా, ఆ పిల్ల పాడుతుంటే నాకేమో భయమైంది. మీరందరు ఆమె దిక్కు చూస్తలేరు. ఆమె వెనక ఇంకెవరో నిలబడ్డట్టు చూస్తున్నరు."

నేను ఏదో అనబోయాను, "అదేం లేదమ్మా, సినిమా అలవాటు" అని. ఆవిడ నవ్వింది. "అక్కా, సావిత్రమ్మ పాడలేదు కద ఆ పాట. వేరే ఎవరో పాడిండ్రంట."

అవును. పాడింది పి.లీలగారు. తెరమీద కళ్ళు సావిత్రివి, గొంతు లీలగారిది, వెన్నెల మార్కస్ బార్ట్లేగారి కెమేరాది. బాగా కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ తీసుకునే వీలు కూడా వుంది. ఆ ఇరవై ఏళ్ళ పిల్ల ఒక్కతే, ఒక్కసారిలో, మాకోసం వీళ్ళందరూ కావాలన్నాం. ఒకే ఒక్క చోట ఆ పిల్లను మేం ఎవరితోనూ పోల్చడం మరిచిపోయాం. అది మాయాశశిరేఖ ఘట్టం. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చి, మగనడక నడిచి, పెళ్ళికొడుకు కాలు తొక్కే చోట. ఆ పిల్ల లంగా ఎగ్గట్టి ఒక నడక నడిచింది, హాలు హాలంతా పడిపడి నవ్వింది. మా పిన్నిగారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు మాత్రం ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆవిడ గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాక నేను చాలాసేపు వంటింట్లోనే కూర్చున్నాను. ఎందుకంటే కిందటి సంక్రాంతికి ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తుంటే, నేను అటుగా పోతూ ఆగి, "అక్కయ్య చుక్కలు పెడితే ఒక్కటి వంకర పోయేది కాదు" అన్నాను. పోయినావిడ మీద ప్రేమకొద్దీ అన్నాననే అనుకున్నాను. ఆవిడ వేసిన ముగ్గేమిటో, పద్మమో, రథమో, ఎంత గుర్తుచేసుకున్నా నాకు గుర్తు రాలేదు. చూడలేదు కనుక.

అలాగని నాటకం బాగుందని నేనిప్పుడు మాట మార్చడం లేదు సుమండీ. జాలిపడి మెచ్చుకుంటే అది మెప్పు కాదు. పింగళివారి మాటలు తీసేయడం తప్పే. ఘటోత్కచుడు వేసినాయన గొంతు రెండో సగానికి జీరబోయింది. ఇక ఆ బ్యానరు మాటేమిటి? సావిత్రి బొమ్మ అచ్చువేసి మమ్మల్ని పిలిచి, లోపల మళ్ళీ సావిత్రితో పోల్చవద్దంటే ఎలా? పిలిచింది వాళ్ళే. ఆ పిల్ల బొమ్మే వేసి, ఈమె మా శశిరేఖ అని ధైర్యంగా చెప్పుకుని వుంటే, మాలో సగంమందిమి వేరే కళ్ళతో వచ్చేవాళ్ళం. టిక్కెట్లు తక్కువ అమ్ముడయ్యేవేమో, ఆ బాధ వాళ్ళది. వరస మార్చడం మాత్రం సరైన పనేనని ఇప్పుడనిపిస్తోంది. పాత వరసే పెట్టి వుంటే పిన్నిగారు మొదటి నుంచి చివరిదాకా తనే పాడుకునేవారు, ఆ పిల్ల గొంతు ఒక్క ముక్క వినేవారు కాదు.

పిన్నిగారితో ఇది అంటే, "నువ్వు రేడియోలో మాట్లాడతావు కనక ఏమైనా చెబుతావు" అన్నారు. ఆవిడ అభిప్రాయం ఆవిడది. టీచరమ్మతోనూ నాకు పూర్తిగా కుదరలేదు, ఆవిడకు లడ్డూ దారం తెగకపోవడం కూడా కళగానే కనిపించింది.

ఆ సమాజంవారు వచ్చే నెల మళ్ళీ అదే హాలులో ఆడుతున్నారట. ఈసారి పింగళివారి మాటలు కొన్ని తిరిగి పెట్టారని కబురు. మా మహిళా సంఘం పుస్తకంలో పేర్లు రాయించుకుంటున్నారు. కిందటిసారి 16, ఈసారి ఇప్పటికి ఏడు. మొదటి పేరు మా వీధి ఆవిడది. దాని కింద నాది రాయించాను. మా అత్తగారు, ఘటోత్కచుడు పద్యం నిండా పాడతాడని ఎవరైనా హామీ ఇస్తేనే వస్తానంటున్నారు. పిన్నిగారు రానన్నారు. కాని టిక్కెట్టు డబ్బులు ఎప్పటిలోగా కట్టాలని రెండుసార్లు అడిగారు. గురువారం లోపల కట్టాలట.

శలవు.