మందు సంచి జీపులో ఉండిపోయింది

పాత తుపాకులంటే నాకూ, మా సెక్షన్ మిత్రుడికీ ఒకటే పిచ్చి. ఆయన దగ్గర తాతల నాటి, మూతి నుంచి మందు కూరే తుపాకి ఉండేది. మందు పోసి, గుడ్డ కూరి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, క్యాపు పెట్టేసరికి చెమటలు పట్టేవి.

1976లో దాన్ని లైసెన్సు రెన్యూవల్‌కు చూపించి వస్తుంటే, ఆత్మకూరు-దోర్నాల దారిలో జీపు ఆగిపోయింది. సాయం కోసం నడుస్తుంటే మలుపులో పిల్లతో ఎలుగుబంటి! తుపాకి చేతిలో ఉంది, మందు సంచి జీపులో ఉండిపోయింది. కదలకుండా నిలబడ్డాం. అది ముక్కెత్తి వాసన చూసి, పిల్లను వీపున ఎక్కించుకొని పొదల్లోకి పోయింది.

1972 వన్యప్రాణి చట్టం తెలిసిన గుమాస్తాలమే. అయినా మందు ఉంటే కాల్చేవాళ్లమే, అబద్ధమెందుకు?

ఆయన పోయాక పిల్లలు తుపాకిని స్టేషన్లో అప్పగించారు. అర్జీ రాసింది నేనే. 'పనిచేయు స్థితిలో ఉన్నది' అన్నచోట కలం కాసేపు ఆగింది.