జ్వరం కబురు ముందే అందాలి

వానాకాలంలో రామప్ప చెరువు నిండితే పాలంపేట పొలాలకు పండగే. జ్వరాలు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. ఒక వాడలో నలుగురికి ఒకేసారి చలిజ్వరం వస్తే, ఆ కబురు జిల్లా వైద్యాధికారికి ఎన్నాళ్లకు చేరుతుంది?

కేంద్ర ప్రభుత్వం 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పట్లో లెక్కలు కాగితం మీద రాసి వారానికోసారి పైకి పంపేవారు. నిలవనీటిలోని గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. కబురు కన్నా దోమే ముందుండేదన్నమాట!

2018 నవంబరులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య సమాచార వేదికను ప్రారంభించారు. 2021 ఏప్రిల్‌లో అది దేశమంతటికీ విస్తరించింది. గమనించే జబ్బులు 18 నుంచి 33 అయ్యాయి. ఊళ్లో ఏఎన్ఎం చూసిన లక్షణాలు, డాక్టరు అనుమానం, ల్యాబు నిర్ధారణ మూడూ ఊరి పేరుతో సహా ఒకేచోట చేరతాయి. ఈ మూడింటిలో నేను ఎక్కువ విలువిచ్చేది మొదటిదానికే. రక్తపరీక్ష ఫలితం రాకముందే, ఫలానా ఊళ్లో జ్వరాలు పెరుగుతున్నాయని హెచ్చరించేది అదే. అయితే ఇంటి గడప దాటని జ్వరం ఏ కంప్యూటరుకూ కనిపించదు.

అందుకే ఒక్క మాట. జ్వరమొస్తే సూది వేయించుకుని ఊరుకోకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, రక్తపరీక్ష చేయించుకోండి. పక్కింట్లో జ్వరమున్నా ఆ సంగతీ ఆమె చెవిన వేయండి.